ఆ 97 ఎపిసోడ్లు ఏమయ్యాయి?

'డాక్టర్ హూ' అని బ్రిటన్‌లో ఒక టీవీ సీరియల్ ఉంది. 1963 నవంబర్ 23న, అంటే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన మర్నాడు, బీబీసీలో మొదలైంది. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక వింత ముసలాయన, బయటికి నీలంరంగు పోలీసు డబ్బాలా కనిపించే ఆయన వాహనం, ప్రతి కథలో ఒక కొత్త లోకం. 1963 నుంచి 1969 దాకా, మొదటి ఆరేళ్లలో, 253 ఎపిసోడ్లు వచ్చాయి. 2013 చివరికి లెక్క చూస్తే వాటిలో 97 ఎపిసోడ్లకి బొమ్మ లేదు. దొంగలు ఎత్తుకుపోలేదు, నిప్పు అంటుకోలేదు. తీసిన సంస్థే చెరిపేసింది.

నేను ఈసీఈ మూడో సంవత్సరం. పాత పాల్ కలర్ టీవీ సిగ్నల్ గురించి చదువుతూ సబ్‌క్యారియర్ అనే మాట వెంట పడి వెతుకుతుంటే ఈ గొడవలోకి దిగాను, ఇంకా బయటికి రాలేదు. ఈ సంచికకి కథో కవితో ఇమ్మని మన క్లబ్ వాళ్లు అడిగారు. నా దగ్గర ఉన్న కథ ఇదే.

ముందు టేపు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో స్టూడియోలో రికార్డింగ్ జరిగేది రెండంగుళాల వెడల్పున్న వీడియో టేపు మీద. ఆంపెక్స్ కంపెనీ 1956లో తెచ్చిన పద్ధతి అది. టేపు చాలా ఖరీదు, పైగా దాని గొప్పంతా మళ్లీ మళ్లీ వాడుకోవచ్చన్న దాంట్లోనే ఉంది. మన పెన్‌డ్రైవ్‌లో నిండిన పాత సెమిస్టర్ ఫైళ్లు ఎలా తీసేస్తామో, వాళ్లూ ప్రసారం అయిపోయిన నాటకాన్ని అలాగే తీసేసి ఫుట్‌బాల్ మ్యాచో వార్తలో ఎక్కించేవాళ్లు. ఇప్పుడు వింటే దారుణంగా ఉంటుంది కానీ వాళ్ల లెక్క వాళ్లకుంది. ఇంట్లో వీడియో ప్లేయర్ అనే వస్తువే లేదు. ఒకే కార్యక్రమాన్ని మళ్లీ మళ్లీ వేయడానికి నటుల సంఘం ఈక్విటీతో చేసుకున్న ఒప్పందాలు ఒప్పుకునేవి కావు, పరిమితి దాటితే మళ్లీ డబ్బు కట్టాలి. 1969 చివర్లో బీబీసీ వన్ కూడా రంగుల్లోకి వచ్చేసింది. అప్పుడిక నలుపు తెలుపు పిల్లల సీరియల్‌ని ఎవరడుగుతారు?

అయితే టేపు చెరిగిపోయినంత మాత్రాన ఎపిసోడ్ పోయినట్టు కాదు. అసలు కథ ఇక్కడుంది. విదేశాలకి అమ్మడానికి టేపు పనికొచ్చేది కాదు. ఒక్కో దేశంలో టీవీకి ఒక్కో స్టాండర్డ్, గీతల సంఖ్య వేరు, ఫ్రేముల వేగం వేరు. ఫిల్మ్ ప్రొజెక్టర్ మాత్రం ఎక్కడైనా ఒకటే. అందుకని బీబీసీ వాళ్లు ఒక మంచి మానిటర్ మీద టేపు ఆడించి, దాని ఎదురుగా పెట్టిన కెమెరాతో 16 ఎంఎం ఫిల్మ్ మీదకి ఎక్కించేవాళ్లు. దీన్నే టెలిరికార్డింగ్ అంటారు. మోటుగా చెప్పాలంటే, టీవీలో వస్తున్న సినిమాని ఫోన్‌తో తీసుకోవడం లాంటిదే, కాకపోతే శ్రద్ధగా, సింక్ తప్పకుండా చేస్తారు. ఆ నెగెటివ్ నుంచి ప్రింట్లు తీసి ఆస్ట్రేలియాకి, న్యూజిలాండ్‌కి, హాంకాంగ్‌కి, నైజీరియాకి, సైప్రస్‌కి పంపేవాళ్లు. ఒక దేశంలో ప్రసారం అయ్యాక ఆ ప్రింటుని పక్క దేశానికి పంపాలి, లేదంటే లండన్‌కి తిప్పి పంపాలి, అదీ కాదంటే నాశనం చేసి అలా చేశామని కాగితం రాసివ్వాలి.

సరే, ఇన్ని ప్రింట్లు ఉండగా ఎలా పోయాయి? ఇంజినీరింగ్ విభాగం టేపులు చెరిపేసింది, ఫిల్మ్ కాపీలు అమ్మకాల విభాగం దగ్గర ఉన్నాయి కదా అని. బీబీసీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఆ అమ్మకాల విభాగం, హక్కుల గడువు తీరిన ఫిల్మ్‌లని 1972 నుంచి 1978 దాకా పారేస్తూ పోయింది, దాచే పని ఫిల్మ్ లైబ్రరీది కదా అని. ఫిల్మ్ లైబ్రరీ ఏమో తన పని మొదటినుంచీ ఫిల్మ్ మీద తీసినవాటిని దాచడమే, టేపు కార్యక్రమాలతో తనకి సంబంధం లేదనుకుంది. ముగ్గురూ ఎవరి రూలు వాళ్లు పాటించారు. గ్రూప్ ప్రాజెక్ట్ చేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బీబీసీ వాళ్లని మూర్ఖులని తిట్టడం అభిమానుల్లో మామూలే, నాకు మాత్రం అంత కోపం రాదు. వాటిని దాచి ఉంచడం అనే పని ఎవరి ఉద్యోగంలోనూ రాసి లేదు, అంతే. మన క్లబ్ పాత సంచికల లింకు నొక్కి చూడండి, 'మీకు యాక్సెస్ లేదు' అని వస్తుంది.

1978లో ఇయాన్ లెవిన్ అనే అభిమాని కాపీలు కొనుక్కుందామని బీబీసీ ఎంటర్‌ప్రైజెస్‌కి వెళ్లాడు. డాలెక్‌లు అనే విలన్లు మొట్టమొదట కనిపించే కథ, ఏడు ఎపిసోడ్ల డబ్బాలు, పారేయడానికి కట్టగట్టి ఉన్నాయట. ఆయన గోలపెట్టి ఆపించాడు. సరిగ్గా అదే ఏడాది బీబీసీ మొదటిసారిగా ఏది దాచాలో నిర్ణయించే ఉద్యోగం ఒకటి పెట్టి, స్యూ మాల్డెన్ అనే ఆమెని అందులో వేసింది. అక్కడినుంచి లెక్కలు తీయడం, వెతకడం మొదలయ్యాయి.

ఈ జబ్బు ఒక్క సీరియల్‌కి పట్టింది కాదు. 1969లో మనిషి చంద్రుడి మీద దిగినప్పుడు బీబీసీ స్టూడియోనుంచి చేసిన ప్రసారం చాలావరకు లేదు. ఆ మాటకొస్తే నాసా దగ్గరే అపోలో 11 నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్ రికార్డు చేసిన అసలు టేపులు లేవు. టేపుల కొరత వచ్చినప్పుడు వాటిని చెరిపి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో నాసాయే తేల్చింది. మన సంగతికొస్తే 1921 నాటి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు, మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసింది, అదీ లేదు. కనీసం పాట కూడా వినలేం.

డాక్టర్ హూ విషయంలో వినడం మాత్రం కుదురుతుంది, అదే విచిత్రం. పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం ఉంది. కారణం బీబీసీ కాదు, స్కూలు పిల్లలు. ఆ రోజుల్లో బొమ్మ దాచుకునే దారి లేదు కానీ ఇళ్లలో రీలు టేప్ రికార్డర్లు ఉండేవి. టీవీ స్పీకర్ ముందు మైక్ పెట్టి, ఇంట్లో అందరినీ నోరు మూసుకోమని, వారం వారం రికార్డు చేసుకున్నారు. ఒకతనైతే మైక్‌తో సరిపెట్టుకోక టీవీ లోపలి వైర్లకే రికార్డర్ తగిలించాడు. ఆ రికార్డింగులు ఇప్పటికీ వింటే ఆశ్చర్యంగా, శుభ్రంగా ఉంటాయి. (ఇంట్లో టీవీ విప్పి వైర్లు కలిపిన పిల్లాడిని వాళ్లమ్మ ఏమందో చరిత్రలో లేదు.)

బొమ్మల విషయంలో జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్‌కి దండం పెట్టాలి. ఆయన వ్యాపారమే టీవీ తెరని ఫొటో తీయడం. 'మేం చేసింది ఎలా కనిపించింది' అని దాచుకోవడానికి నటులూ దర్శకులూ ఆయన దగ్గర కొనుక్కునేవాళ్లు. ఎపిసోడ్‌కి అరవై డెబ్బై చొప్పున తీసేవాడు. ఆ చిన్న ఫొటోలు బీబీసీ కాగితాల ఆర్కైవ్‌లో ఫైళ్లలో ఉండిపోయాయి. పోయిన కథల్లో చాలావాటికి ఫొటోలు ఇవే, కొన్నింటికి ఇవీ లేవు. ఆయన 1969లో చనిపోయాడు, తన ఫొటోల విలువ ఎంత పెరగబోతోందో తెలియకుండానే.

నాకు బాగా నచ్చిన ముక్క సెన్సార్‌ది. ఆస్ట్రేలియాలో సెన్సార్ బోర్డు ఈ సీరియల్‌ని జాగ్రత్తగా చూసి, పిల్లలు జడుసుకుంటారని గొంతు పిసికే సీన్లూ, అరుపుల సీన్లూ కత్తిరించేది. ప్రభుత్వ కార్యాలయం కాబట్టి కత్తిరించిన ముక్కని పారేయలేదు, ఫైలు చేసింది. 1996లో అక్కడి అభిమానులు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ ముక్కలు పట్టుకున్నారు. 'ఫ్యూరీ ఫ్రమ్ ది డీప్' అనే ఆరు ఎపిసోడ్ల కథ పూర్తిగా పోయింది, కానీ అందులో ఇద్దరు మనుషులు నోరు తెరిచి విషవాయువు వదిలే భయంకరమైన సీను మాత్రం భద్రంగా ఉంది. ఎవరూ చూడకూడదని తీసేసిందే ఇప్పుడు అందరూ చూడగలిగేది.

ఇలాంటిదే ఇంకొకటి. ఈ సీరియల్ ఇన్నేళ్లు నడవడానికి కారణం హీరో మారిపోవడం. మొదటి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింటే, డాక్టర్ శరీరం మారి కొత్త మనిషి అవుతాడని కథలోనే కలిపేశారు. 1966లో ప్యాట్రిక్ ట్రౌటన్ వచ్చాడు. ఆ మార్పు జరిగే ఎపిసోడ్ పోయినవాటిలో ఉంది. మార్పు జరిగే ఆ కొద్ది సెకన్లు మాత్రం ఉన్నాయి, ఎందుకంటే 'బ్లూ పీటర్' అనే పిల్లల కార్యక్రమంలో 1973లో ఆ ముక్క వేసుకున్నారు, ఆ కార్యక్రమం చెరగలేదు.

ఇక దొరకడాల కథలు. 1983లో లండన్‌లో ఒక మార్మన్ చర్చి సెల్లార్‌లో 'ది డాలెక్స్ మాస్టర్ ప్లాన్' అనే పన్నెండు ఎపిసోడ్ల కథలోవి రెండు బయటపడ్డాయి. అదే కథలో మరొకటి 2004లో బీబీసీ మాజీ ఇంజినీరు ఒకాయన తెచ్చిచ్చాడు. పారేయమంటే మనసొప్పక ఇంటికి తీసుకెళ్లాడన్నమాట. 1999లో న్యూజిలాండ్‌లో ఒకటి దొరికింది. 2011లో రెండు ఎపిసోడ్లు బయటికొచ్చాయి. ఒక మాజీ టీవీ ఇంజినీరు 1980లలో ఒక స్కూలు సంతలో పాత ఫిల్మ్‌ల మధ్య కొన్నవి అవి. ప్రపంచమంతా వెతుకుతున్నవి తన అలమారలో ఉన్నాయని ఆయనకి ఏళ్ల తరబడి తెలియదు. 'డాడ్స్ ఆర్మీ' అనే హాస్య సీరియల్‌వి రెండు 2001లో ఒక తోట షెడ్డులో దొరికాయి, అవి ఎల్‌స్ట్రీ స్టూడియో దగ్గర చెత్త తొట్టిలోంచి ఎవరో తీసి దాచినవి.

హాంకాంగ్‌లో 1990ల మొదట్లో దొరికిన 'ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్' గురించి కొంచెం ఆగి చెప్పాలి. నాలుగు ఎపిసోడ్లూ ఒకేసారి దొరికాయి. అంతకుముందు, చిన్నప్పుడు చూసినవాళ్లంతా ఇదొక అద్భుతమని పాతికేళ్లు చెప్పుకున్నారు. దొరికాక చూస్తే బాగానే ఉంది, ఆ మంచు సమాధుల్లోంచి సైబర్‌మెన్ లేచే సీను నిజంగా గొప్పది. కానీ మనిషిని ఎత్తి విసిరే సీన్లో వైర్లు కనిపిస్తాయి. జ్ఞాపకంలో వైర్లు ఉండవు కదా.

దీనికి సరిగ్గా తిరగబడినట్టు జరిగింది 'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్' విషయంలో. 1967 డిసెంబర్ నుంచి 1968 జనవరి దాకా వచ్చిన ఆరు ఎపిసోడ్ల కథ ఇది. మనకి 1964లో 'రాముడు భీముడు' ఎలాగో, వాళ్లకి ఇది అలా డబుల్ యాక్షన్ అన్నమాట. ట్రౌటన్ డాక్టర్‌గానూ, సలమాండర్ అనే నియంతగానూ వేశాడు. దశాబ్దాల పాటు ఇందులో మూడో ఎపిసోడ్ ఒక్కటే ఉండేది. అది ఎక్కువగా గదుల్లో నడుస్తుంది, అందులో గుర్తుండేది సణుగుతూ ఉండే ఒక వంటవాడు. దాన్నిబట్టి ఈ కథ చప్పగా ఉంటుందని అందరూ తేల్చేశారు. అభిమానుల ర్యాంకింగుల్లో ఎప్పుడూ వెనక బెంచీయే. 2013లో మిగతా అయిదూ దొరికాయి. మొదటి ఎపిసోడ్‌లోనే హోవర్‌క్రాఫ్టూ, హెలికాప్టరూ, సముద్రపు ఒడ్డున పరుగులూ. నాలుగో ఎపిసోడ్ చివరికొచ్చేసరికి కథ మొత్తం తలకిందులవుతుంది, అది నేను చెప్పను. ఒకటి ఉండి అయిదు లేని కథ మీద అంత గట్టిగా తీర్పు ఎలా ఇచ్చారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మూడో ఎపిసోడ్ విడిగా చూస్తే నీరసం, వరసలో చూస్తే తుఫాను ముందు ఊపిరి పీల్చుకునే చోటు.

ఇవి దొరికింది నైజీరియాలోని జోస్ నగరంలో, ఒక టీవీ రిలే కేంద్రం సామాన్ల గదిలో, మాస్కింగ్ టేపు అంటించిన డబ్బాల్లో. ఫిలిప్ మోరిస్ అనే ఆయన ఏళ్ల తరబడి ఆఫ్రికా స్టేషన్లు తిరిగి పట్టుకున్నాడు. 'ది వెబ్ ఆఫ్ ఫియర్' అనే ఇంకో కథలోవి నాలుగు కూడా అక్కడే దొరికాయి. మొత్తం తొమ్మిది. పోయిన లెక్క 106 నుంచి 97కి దిగింది. ఆ రెండో కథలో ఒక్క మూడో ఎపిసోడ్ లేదు. మోరిస్ చెప్పిన ప్రకారం ఆయన మొదట చూసినప్పుడు అదీ ఉంది, ఫిల్మ్‌లు లండన్ చేరేసరికి లేదు. పోయిందీ ఎలాంటిది? తర్వాత ఏళ్ల తరబడి ఈ సీరియల్‌లో నిలిచిపోయే సైనికాధికారి లెత్‌బ్రిడ్జ్ స్టువర్ట్ తొలిసారి తెరమీదకి వచ్చే ఎపిసోడ్.

ఇక ఈసీఈ వాళ్ల కోసం. మిగతా బ్రాంచీల వాళ్లు కూడా ఒక్క పేరా ఓపిక పట్టండి. 1970 నుంచి సీరియల్ రంగుల్లో వచ్చింది. ఆ టేపుల్లో కూడా కొన్ని చెరిగి, విదేశాల కోసం తీసిన నలుపు తెలుపు ఫిల్మ్‌లే మిగిలాయి. రంగు పోయినట్టే అనుకున్నారు. కానీ పాల్ పద్ధతిలో రంగు వెళ్లేది 4.43 మెగాహెర్ట్జ్ సబ్‌క్యారియర్ మీద. అది వెలుతురు సిగ్నల్‌తో కలిసే ఉంటుంది. నలుపు తెలుపు మానిటర్ దగ్గర దాన్ని ఫిల్టర్ చేయాలి. చాలాసార్లు చేయలేదు. ఫలితంగా తెరమీద సన్నటి చుక్కల జాలి కనిపిస్తుంది, ఎదురుగా ఉన్న ఫిల్మ్ కెమెరా ఆ చుక్కలని కూడా నమ్మకంగా ఎక్కించుకుంది. ఆ చుక్కల ఫేజ్‌లో ఏ రంగో ఉంది, ఆంప్లిట్యూడ్‌లో ఎంత గాఢమో ఉంది. చిక్కు ఏమిటంటే, ఫేజ్‌ని పోల్చుకోవడానికి కావలసిన కలర్ బర్స్ట్ బొమ్మ లోపల ఉండదు, కాబట్టి ఫిల్మ్ మీదకి రాలేదు. పైగా మానిటర్ వంపూ, ఫిల్మ్ కదలికా చుక్కలని పక్కకి జరిపేస్తాయి. వీటన్నిటినీ సరిచేస్తూ, బర్స్ట్ లేకుండానే రంగు ఊహించే సాఫ్ట్‌వేర్ రాశారు. 2008లో 'డాడ్స్ ఆర్మీ' ఎపిసోడ్ ఒకటి ఇలా రంగు తిరిగి తెచ్చుకుని ప్రసారమైంది. తర్వాత డాక్టర్ హూలో 'ది మైండ్ ఆఫ్ ఈవిల్' కూడా. నిర్లక్ష్యంగా తీయకుండా వదిలేసిన నాయిస్సే సిగ్నల్ అయింది. మన ల్యాబ్ రికార్డులో ఇలాంటి ప్రయోగం ఒక్కటైనా ఉంటే అటెండెన్స్ కోసం వెళ్లేవాళ్లం కాదు.

అభిమానుల మధ్య ఎప్పుడూ రగిలేది మాత్రం టెక్నాలజీ కాదు, దాచుకున్నవాళ్ల సంగతి. చెత్త తొట్టిలోంచి తీసినా సరే, చట్టం ప్రకారం ఆ ఫిల్మ్ బీబీసీ ఆస్తే. 1970ల చివర్లో బాబ్ మంక్‌హౌస్ అనే పేరున్న హాస్యనటుడి మీద, ఇంట్లో ఫిల్మ్‌లు సేకరించి పెట్టుకున్నందుకు కేసు నడిచింది. నిర్దోషి అని తేలింది, కానీ తీసుకెళ్లిన ఫిల్మ్‌లలో చాలావరకు తిరిగి రాలేదు. ఆయన 2003లో చనిపోయాక మిగిలిన సేకరణలోనే, మరెక్కడా లేని పాత కార్యక్రమాలు బయటపడ్డాయి. ఆ కేసు చూసిన కలెక్టర్లు నోరు విప్పుతారా? వాళ్లని దొంగలనే అభిమానులున్నారు. ఆ దొంగతనమే లేకపోతే నీకు చూడ్డానికి ఏముండేది అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల పక్షం. తెచ్చిచ్చినవాడిని ఎక్కడిదని అడగకుండా కాపీ తీసుకుని ఫిల్మ్ తిరిగిచ్చేయడమే మంచిది, కొన్నిసార్లు అలాగే జరిగింది కూడా.

ఎందుకంటే టైమ్ లేదు. ఆ 16 ఎంఎం ఫిల్మ్ అసిటేట్. వేడికీ తేమకీ అది విరిగి అసిటిక్ ఆమ్లం వదులుతుంది, డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొడుతుంది. ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ని ఇంకా తొందరగా తినేస్తుంది. చివరికి ఫిల్మ్ ముడుచుకుపోయి ప్రొజెక్టర్ పళ్లకి అందదు. ఫిల్మ్ దాచుకున్నవాళ్లూ ముసలివాళ్లయ్యారు. వాళ్లు పోతే ఇల్లు ఖాళీ చేసే మనవడికి అది తుప్పు పట్టిన డబ్బా. చాలా దేశాలకి అమ్ముడైన 'మార్కో పోలో' ఏడు ఎపిసోడ్లూ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయని అందరూ ఆశపడేది. 1965 క్రిస్మస్ నాటి 'ది ఫీస్ట్ ఆఫ్ స్టీవెన్' మాత్రం అమ్మకానికే పెట్టలేదు, దాని మీద ఆశ దాదాపు ఎవరికీ లేదు.

దొరకనివాటికి శబ్దం మీద యానిమేషన్ వేసి వదులుతున్నారు. ట్రౌటన్ తొలి కథ 'ది పవర్ ఆఫ్ ది డాలెక్స్' 2016లో అలా వచ్చింది. నాకైతే యానిమేషన్ కన్నా క్యూరా ఫొటోలు పెట్టి శబ్దం వినడమే ఇష్టం, కానీ హాస్టల్ గదిలో నాతో కూర్చునేవాళ్లెవరూ ఒప్పుకోలేదు. మీరు చూడాలనుకుంటే 'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్'తో మొదలుపెట్టండి. ఆరూ కలిపితే రెండున్నర గంటల లోపే. మూడో ఎపిసోడ్‌లో వంటవాడు వస్తాడు, అక్కడ ఆపేయకండి.